లారీ ఇల్లు చేరేదాకా ఆగిన కథ

2023 ఎండాకాలం. జనగామ స్టేషన్ రోడ్డులో మందుల దుకాణం మీద ఒక గది. రేకుల కప్పు కాబట్టి పొద్దున పదింటికే పెనంలా కాలేది. అందులో ఒక బల్ల, ఒక కంప్యూటర్, బుద్ధి పుట్టినప్పుడే తిరిగే కూలర్, నేను. ఏడాది పొడుగునా దేవుళ్ళ చరిత్రలు, రిటైరైన పెద్దమనుషుల ఆత్మకథలు దిద్దడం నా బతుకుతెరువు. ఎండలు ముదిరాక మాత్రం ఒక పని ఇష్టంగా మొదలుపెట్టి, ప్రతి ఏడూ తల పట్టుకొని ముగించేదాన్ని. దాన్నే మేం తొలకరి సెలెక్షన్ అనేవాళ్ళం.

సెలెక్షన్ అంటే వచ్చిన కథల్లోంచి ఏరి కూర్చిన పుస్తకం. మాది వింత కథల సెలెక్షన్. ఈ రకం రాతను ఇంగ్లీషు చదివినవాళ్ళు స్పెక్యులేటివ్ ఫిక్షన్ అంటారు. లోకంలో లేనిదాన్ని ఉన్నట్టు ఊహించి, అలా ఉంటే మనుషులకు ఏమవుతుందో చెప్పే కథ అన్నమాట. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి దిక్కు నుంచి రాసేవాళ్ళవే తీసుకోవాలని మా నియమం. మిరుగు నాటికి, అంటే మృగశిర కార్తె మొదలయ్యే రోజుకు, పుస్తకం చేతికి రావాలి. మా ప్రెస్సు అతను పెళ్ళి కార్డులు అయిపోయాక, బడి కరపత్రాలు మొదలవక ముందు, ఆ కాస్త సందులోనే మాకు మిషను ఇస్తాడు. ఆ సందు దాటితే మా తొలకరి దీపావళికి వస్తుంది.

"వింత కథలకు దిద్దేదేముంటదమ్మా, ఎట్ల రాసినా చెల్లుతది గద" అని నన్ను అడగని మనిషి లేడు. అసలు బాధ అక్కడే. పాఠకుడు ఒక్క అబద్ధానికి ఒప్పుకుంటాడు. మిగతాదంతా నిజంకన్నా నిజంగా ఉండాలి. బర్రె మాట్లాడిందంటే నమ్ముతాడు. ఆ మాట్లాడే బర్రెను పాలు పిండకుండానే పొద్దున మేతకు తోలారంటే మాత్రం పుస్తకం మూసేస్తాడు.

ఎవరూ అడగకుండా వచ్చి పడే కథల కుప్పను మా పనిలో స్లష్ పైల్ అంటారు. ఆ ఏడు కుప్పలో సగం కథల్లో హీరో చివర నిద్ర లేచి, అంతా కల అని తేల్చుకున్నాడు. మిగతా సగంలో రోబోలు ప్రేమలో పడ్డాయి. ఒక కథలో బొగ్గుబాయిలో దిగిన మనిషి జపాన్‌లో తేలి, తేలినవాడు తేలినట్టు తెలుగులో చాయ్ అడిగితే వాళ్ళు ఇచ్చారు. ఆ చాయ్ దగ్గర నేను ఎర్రపెన్ను విసిరికొట్టాను. దాన్ని వెతుక్కుంటూ బల్ల కిందికి వంగినప్పుడు ఫోనులో వాట్సాప్ మోగింది. మహదేవపూర్ నుంచి షమీమ్ అనే ఆమె కథ పంపింది. బట్టలు కుడుతుందట. ఫోనులోనే టైపు చేసింది.

కథ పేరు 'మారని రాయి'. ఒక డ్రైవరు లారీ నిండా వడ్ల బస్తాలతో ఇంటి తొవ్వ పట్టాడు. రోడ్డు పక్క రాయి మీద ఊరి పేరు, పక్కన పన్నెండు అని ఉంది. ఇంకా పన్నెండు కిలోమీటర్లే అనుకొని సంబరపడ్డాడు. తర్వాతి రాయి మీద కూడా పన్నెండే. దాని తర్వాతి రాయి మీదా అదే. వాన మొదలైంది, తాడిపత్రి పట్టా కింద వడ్లు తడిసి మొలకెత్తాయి. అతను నడుపుతూనే ఉన్నాడు. మొలకలు నారయ్యాయి, నారు పొలమైంది. కొంగలు వచ్చి వాలాయి. రోడ్డు మీద ఒక వరిపొలం ఇంటి కోసం వెతుక్కుంటూ పోతూనే ఉంది. ఇంటి దగ్గర భార్య, తడిసిన సంచులు మార్చడానికని కొత్త సంచులు కుడుతూ కూర్చుంది.

అక్కడికి వచ్చి ఆగిపోయింది. తర్వాత ఏమీ లేదు. ఫోను అటూ ఇటూ తిప్పి చూశాను. లేదు.

ఫోన్ చేశాను. "అమ్మా షమీమ్, కథ చాలా బాగుంది. ఆఖరి పేజీ రాలేదు."

"రాలేదు కాదు మేడం. పంపలే."

"ఎందుకు పంపలేదు?"

"మా ఆయన లారీ మీద పోయిండు. ఇంటికొచ్చినంక రాస్త."

"ఆయనొచ్చి రాస్తాడా ఏంటి?"

"అయ్యో, రాసేది నేనే మేడం. ఇంట్లోళ్ళు తొవ్వల ఉన్నప్పుడు మేం కథ ముగియనియ్యం."

ఇలాంటి మాట నాకు కొత్త కాదు. పగటిపూట కథ చెప్పమని ఏడిస్తే మేనమామ తొవ్వ తప్పుతాడని మా అవ్వ నోరు మూయించేది. షమీమ్ వాళ్ళ ఇంట్లోనూ అదే పట్టింపు, కాకపోతే ముసాఫిర్లందరికీ వర్తిస్తుంది. ఆ వంశంలో అందరూ బండ్లు, లారీలు తోలేవాళ్ళు. ఇంట్లో మగవాళ్ళంతా ఒక్కనాడు ఉండేది లేదు, కథ చెప్పుకునేది ఎప్పుడు? అందుకని వాళ్ళమ్మ పట్టింపును జర సడలించిందట. కథ ఎప్పుడైనా మొదలుపెట్టొచ్చు, ఎంత దూరమైనా నడపొచ్చు. ముగింపు మాత్రం అందరూ గడప లోపల ఉన్నప్పుడే.

"షమీమ్, నువ్వు చదువుకున్నదానివి."

"ఇంటర్ పాసైన మేడం."

"మరి ఇవన్నీ నమ్ముతావా?"

"నమ్ముడు కాదు మేడం. ఆయన పోయి లారీల కూసున్నంక నాకు ముగింపుకు చెయ్యి రాదు. ఏం రాసినా ఆయనకే తగులుతదనిపిస్తది. నా కథ పుస్తకంల రావాలని మీకంటె నాకే ఎక్కువున్నది. జర ఆగుండ్రి."

ఆగాను. ఆమె భర్త ఖాజా ఆ రోజుల్లో వడ్ల లోడు మీద ఉన్నాడు. మహదేవపూర్ దగ్గరి కొనుగోలు కేంద్రంలో ఎత్తిన బస్తాలను మహబూబాబాద్ జిల్లా నెల్లికుదురు రోడ్డు మీది ఒక మిల్లులో దింపాలి. పోయినవాడు పోయినట్టే ఉన్నాడు. మిల్లు ముందు ఆయన లారీ కదలడం లేదట. నేను పొద్దున ఫోన్ చేయడం, ఆమె "ఇంక దింపలే మేడం" అనడం. సాయంత్రమూ అదే.

ఒకరోజు నేనొక వాదం పట్టుకున్నాను. "చూడమ్మా, లారీ నడుస్తున్నదా?"

"లేదు మేడం. మిల్లు ముంగట ఆగున్నది."

"మరి ఆయన తొవ్వలో ఎక్కడున్నాడు? ఒకచోట కూర్చున్నాడు. కూర్చున్న మనిషి ప్రయాణంలో ఉన్నట్టా?"

గెలిచాననుకున్నాను.

"మేడం, సార్ రైలు సిగ్నల్ కాడ ఆగితే మీరు సార్ ఇంటికొచ్చిండని వంట చేస్తరా?"

మా ఆయన కాజీపేటలో గూడ్స్ గార్డు. ఇప్పుడు ట్రెయిన్ మేనేజర్ అనాలట, ఏమన్నా గానీ ఇంటికొచ్చే వేళ మాత్రం మారలేదు. ఆ సంగతి ఈమెకు చెప్పింది నేనే. ఫోన్ పెట్టేశాను.

ఇక సుధాకర్ సార్ గురించి చెప్పాలి. సెలెక్షన్‌కు నాతోపాటు ఇంకో ఎడిటర్ ఆయన. లెక్చరర్‌గా రిటైరయ్యారు, మనసు మంచిది. చేయి మాత్రం ఊరుకోదు, ఎవరి కథలోనైనా దూరుతుంది. 'మారని రాయి' చదివి మొదట ఆయన పెట్టిన క్వెరీ, అంటే రచయితను అడగాల్సిన సందేహం, ఇది: "వడ్లు బస్తాలోనే మొలకెత్తడం నమ్మశక్యంగా లేదు. శాస్త్రీయ కారణం సూచించాలి."

"సార్, మీరు బియ్యం తిని పెరిగారా, బిస్కెట్లు తినా?" అన్నాను.

"రాళ్ళ మీద అంకె మారకపోవడం ఒప్పుకుంటున్నా కదమ్మా. రెండు వింతలెందుకు?"

షమీమ్‌ను అడిగితే ఒక్క మాటలో తేల్చింది. "అండ్ల వింత ఒక్కటే మేడం. రాళ్ళు. వడ్లు మొలుసుడు ప్రతి యాసంగి కోతల కాలంల చూస్తనే ఉంటం గద."

ప్రెస్సు అతను రోజూ కిందినుంచి కేకేస్తున్నాడు. పుస్తకాన్ని పదహారేసి పేజీల ముక్కలుగా అచ్చేస్తారు, ఒక్కో ముక్క ఒక ఫారం. మిగతా ఫారాలన్నీ అచ్చయ్యాయి. ఆఖరి ఫారం ఈ ఒక్క కథ ముగింపు కోసం ఆగింది. సుధాకర్ సార్ తన దగ్గర చదువుకున్నవాడి కథ ఒకటి సిద్ధంగా పట్టుకొని తిరుగుతున్నారు. అది రోబోల కథ. షమీమ్ ముగింపు రాకపోతే ఆ పేజీల్లో రోబోలు దిగుతాయి. "ఇంకో మూడు రోజులు చూద్దాం" అన్నాను. ఆ మాట షమీమ్‌కు కూడా చెప్పాను. "నా పేరు ఉంటదా మేడం, తీసేస్తరా?" అని మెల్లగా అడిగింది. "నువ్వు రాయి, ఉంటది" అన్నాను.

మర్నాడు మధ్యాహ్నం సుధాకర్ సార్ తన సాయం తాను చేశారు. ముగింపు ఆయనే రాసేశారు. రాసి ఊరుకోకుండా షమీమ్‌కు ఫోన్ చేసి చదివి వినిపించారు. అందులో ఆ డ్రైవరు ఆఖరి రాయి దగ్గర స్టీరింగు వదిలేస్తాడు, వరిపొలం, లారీ, మనిషి, అన్నీ వంతెన మీదనుంచి గోదావరిలోకి జారిపోతాయి, నీళ్ళ మీద కొంగలు మాత్రం మిగులుతాయి.

ఇదంతా నాకు ఎప్పుడు తెలిసిందంటే, ఆ మరుసటి రోజు తెల్లవారి పాలు పొయ్యి మీద పెట్టినప్పుడు. ఫోన్‌లో షమీమ్ ఏడుస్తోంది.

"మేడం, మీ సార్ మా ఆయనను నీళ్ళల్ల ముంచిండు!"

"ఏమంటున్నావే?"

"నిన్న మిట్టమధ్యానం ఫోన్ చేసి ముంచిండు. వద్దు సార్, ఆపుండ్రి సార్ అన్న. ఆపలే, మొత్తం సదివిండు. రాత్రిసంది ఆయన ఫోను కలుస్తలేదు. స్విచాఫ్ అంటున్నది. ఎన్నడు గట్ల చెయ్యడు మేడం."

పాలు పొంగిపోయాయి. నేను సుధాకర్ సార్‌కు ఫోన్ కలిపాను.

"సార్, ఆమె కథకు మిమ్మల్ని ముగింపు రాయమన్నదెవరు?"

"అదేంటమ్మా, సహాయం చేద్దామని... విషాదం ఉంటే కథకు లోతు వస్తది."

"లోతు రాలేదు సార్. లొల్లి వచ్చింది. ఆ కథలో డ్రైవరు ఆమె మొగుడు. నిజం మొగుడు. నిజం లారీ మీద ఉన్నాడు."

"కల్పనకు, జీవితానికి తేడా తెలియకపోతే ఎట్లమ్మా రచయితకు?"

"తెలుసు కాబట్టే రాయకుండా ఆగింది సార్. తెలియనిది మీకు" అని పెట్టేశాను. కోపం దిగలేదు. మళ్ళీ చేసి ఇంకో రెండు మాటలు అన్నాను. అవి ఇక్కడ అచ్చుకు పనికిరావు.

మహదేవపూర్ నుంచి నెల్లికుదురు రావాలంటే చిన్నపిల్లతో షమీమ్‌కు పొద్దుగూకుతుంది. మిల్లు ఫోన్ నంబరు ఎవరి దగ్గరా లేదు. జనగామ నుంచి నాకు రైలుంది. చీర కుచ్చిళ్ళు సర్దుకుంటూ స్టేషన్‌కు పరుగెత్తాను. ఈ వృత్తిలోకి వచ్చినప్పుడు కామాలు, ఫుల్‌స్టాపులు చూసుకుంటే చాలనుకున్నాను. డ్రైవర్లను వెతకడం కూడా ఇందులోకి వస్తుందని ఎవరూ చెప్పలేదు. దారిలో నాకూ మనసు కీడు శంకించింది. నమ్మకం కాదు. మనిషి ఫోను కలవకపోతే ఎవరికైనా అంతే.

మానుకోటలో దిగి ఆటో ఎక్కాను. మహబూబాబాద్‌ను మేం అలాగే అంటాం. మిల్లు ముందు లారీల వరుస రోడ్డు మీది దాకా ఉంది. కనిపించిన ప్రతి మనిషినీ "మహదేవపూర్ ఖాజా ఎవరు?" అని అడుగుతూ పోతే, గోడ నీడలో నిలబడి ఉల్లిగడ్డ కోస్తున్న ఒకాయన "నేనే. ఏమైందమ్మా?" అన్నాడు. పక్కన స్టవ్ మీద కూర ఉడుకుతోంది.

"ఫోను ఎందుకు బందు పెట్టారు?" అని అరిచాను. ముక్కూ మొహం తెలియని ఆడమనిషి వచ్చి అలా అరిస్తే ఆయన చేతిలో కత్తి కింద పడింది.

"చార్జింగ్ అయిపోయింది. లారీల వైరు కాలింది. మీరు..."

షమీమ్‌కు కలిపి నా ఫోను ఆయన చేతిలో పెట్టాను. అవతలినుంచి షమీమ్ గొంతు నాకే వినిపించింది. "కాఁ థే జీ తుమ్?" ఎక్కడున్నావయ్యా ఇంతసేపు అని.

"యహీఁచ్ హూఁ. కాఁ జాతూఁ?" అన్నాడు ఆయన. ఇక్కడే ఉన్నా, ఎక్కడికి పోతా అని. తర్వాత అంతా విన్నాడు. ఏడుపు, తిట్లు, మళ్ళీ ఏడుపు. చివరికి నవ్వు కూడా వినిపించింది. ఫోను నాకు ఇచ్చాడు.

"షమీమ్, చూశావు కదా, మనిషి గుండ్రాయిలా ఉన్నాడు. ఇప్పుడు ముగింపు చెప్పు. నేను రాసుకుంటా."

"ఇల్లు చేరలే గద మేడం."

అప్పుడు నాకొచ్చిన కోపానికి ఆ స్టవ్ అవసరం లేకుండానే కూర ఉడికేది.

ఖాజా మెల్లగా అడిగాడు. "మేడం, ఆ కథల డ్రైవర్ ఇల్లు చేరుతడా?"

"మీకు తెలియదా?"

"ముగింపు నేనింట్ల ఉన్నప్పుడే చెప్తది. మొదలు నాకే చెప్తది. ఈసారి చెప్పకముందే లోడు పడ్డది. ఈడ కూసుండి గదే ఆలోచన. ఆ రాయి ఎప్పుడు మారుతదో ఏమో."

"మీ లారీ ఎందుకు దింపడం లేదు?"

రమ్మని తీసుకుపోయి చూపించాడు. మధ్యలో పడిన అకాల వానకు పైవరుస బస్తాలు తడిశాయి. గోనె రంధ్రాల్లోంచి తెల్లటి, పచ్చటి మొలకలు తలలు బయటపెట్టి చూస్తున్నాయి. సుధాకర్ సార్‌కు ఫోటో తీసి పంపాను. కింద ఏమీ రాయలేదు. తడిసిన లోడు దింపుకోం, వాపసు తీసుకుపో అని మిల్లువాళ్ళు అంటున్నారు. వాపసు పోతే మేం దించుకోం అని కొనుగోలు కేంద్రంవాళ్ళు అంటున్నారు. వెనక వచ్చిన లారీలు దింపుకొని పోతున్నాయి. ఖాజా లారీ మాత్రం ముందుకూ పోలేదు, వెనక్కూ పోలేదు.

మిల్లు గుమాస్తా పేరు యాకయ్య. మెడలో తువ్వాల, ముఖాన విసుగు.

"మీరెవలు మేడం? రైతా?"

"కాదు."

"డ్రైవర్‌కు చుట్టమా?"

"కాదు."

"అఫ్సరా?"

"కథలు దిద్దుతా."

"ఏం దిద్దుతరు?"

చెప్పాను. ఎలాగూ ఎండలో నిలబడ్డాను కదా, కథంతా చెప్పాను. రాయి, పన్నెండు, వాన, మొలకలు, రోడ్డు మీద పోయే పొలం, కొంగలు. యాకయ్య మొదట తువ్వాలతో చెమట తుడుచుకున్నాడు, తర్వాత తుడుచుకోవడం మర్చిపోయాడు. ఇద్దరు ముగ్గురు డ్రైవర్లు కూడా చేరారు.

"మరి ఆఖరుకు ఏమైతది?" అన్నాడు.

"అది నీ చేతుల్లో ఉంది."

"నా చేతులనా! నేనేం చేసిన తల్లీ?"

"ఈ లారీ దింపితే ఈయన ఇల్లు చేరుతాడు. ఈయన ఇల్లు చేరితే ఆమె రాస్తుంది. ఆమె రాస్తే నా పుస్తకం అచ్చవుతుంది."

"గిదేం లొల్లి మేడం? తడిసిన మాలు దింపుకుంటే మా షావుకారి నన్ను దింపుతడు."

"పైవరుస తడిస్తే పైవరుస ఆరబెట్టు. అడుగు బస్తాలు ఏం పాపం చేశాయి? నీకు గచ్చు లేదా? ఎండ లేదా?"

"హమాలీలు లేరు."

"వెనక లారీ దింపినవాళ్ళెవరు? కొంగలా?"

డ్రైవర్లు గట్టిగా నవ్వారు. యాకయ్యకు రోషమొచ్చింది. "కాదంటే కాదు మేడం, పోండ్రి" అని లోపలికి పోయాడు.

నేను పోలేదు. మిల్లు గేటు దగ్గర వేబ్రిడ్జి ఉంటుంది. లారీని నిండుగా ఒకసారి, దించాక ఒకసారి తూచే పెద్ద ఇనుప పలక. మావాళ్ళు కాంటా అంటారు. దాని మీదికి ఎక్కకుండా ఏ లారీ లోపలికి పోలేదు, బయటికి రాలేదు. చాయ్ బండి దగ్గర ప్లాస్టిక్ కుర్చీ అడిగి తీసుకొని, కాంటా నడిమధ్యలో వేసుకొని, గొడుగు విప్పి కూర్చున్నాను. కాంటా గది గోడకున్న డబ్బాలో ఎర్రటి అంకె వెలిగింది. నా బరువు మిల్లు మొత్తం చూసింది. ఆ అంకె ఇక్కడ రాయను. ఆ యంత్రం లారీల కోసం చేసింది, మనుషుల దగ్గర పైకి సర్ది చూపిస్తుందని మాత్రం చెప్పగలను.

కాసేపటికి లారీలు హారన్లు మొదలుపెట్టాయి. యాకయ్య పరుగెత్తుకొచ్చాడు.

"లేవుండ్రి మేడం. పని ఆగింది."

"నా పని కూడా ఆగింది."

"మీదేమన్న ఆగితే కొంపలు మునుగుతయా? కథే గద!"

"కథే కదా? మరి నీకెందుకు ఆఖరుకు ఏమైందో?"

వెనకనుంచి ఒక డ్రైవరు అరిచాడు. "గట్టిగ కూసో అక్కా! మా బండ్లకు గూడ నువ్వే దిక్కు."

యాకయ్య నన్ను చూశాడు, హారన్లు కొట్టే వరుసను చూశాడు, ఎర్ర అంకెను చూశాడు. చివరికి లోపలికి తిరిగి కేకేశాడు. "అరే, మహదేవపూర్ బండి పెట్టుండ్రిరా! పైవరుస గచ్చు మీద పొయ్యుండ్రి, అడుగువి షెడ్డులకు!" నావైపు తిరిగి, "మీ ఇంట్ల సార్ ఎట్ల ఏగుతున్నడో మేడం" అన్నాడు.

"ఆయన రైళ్ళలోనే ఉంటాడు" అన్నాను, కుర్చీ మడుస్తూ. మడిచాకే తెలిసింది అది మడిచే కుర్చీ కాదని. చాయ్ బండి ఆయనకు ఇంకో కుర్చీ కొనిచ్చాను.

సాయంత్రానికి ఖాజా లారీ ఖాళీ అయింది. నన్ను స్టేషన్ దాకా లారీలోనే దింపాడు. వెళ్తూ వెళ్తూ "మేడం, రేపు మీకంటె ముందు నేనే వింట" అన్నాడు. గర్వంగా చెప్పాడు. నాకు అసూయ కలిగింది. ఇన్నేళ్ళు ఎంతమంది కథలు దిద్దినా, ముగింపు వినడానికి ఇల్లు చేరాలని తొందరపడిన మనిషిని చూడడం అదే మొదటిసారి.

మర్నాడు పొద్దున ప్రెస్సు అతను కింద అరుస్తుండగా ఫోను మోగింది. ముగింపు వచ్చింది. నిలబడే చదివాను. డ్రైవరు ఇక రాళ్ళను చూడడం మానేస్తాడు. లారీ ఆపి, కొడవలి తీసుకొని, తన లారీ మీద పండిన వరిని తానే కోయడం మొదలుపెడతాడు. ఒక్కో వరుస కోస్తుంటే రాయి మీద అంకె తగ్గుతూ వస్తుంది. ఆఖరి మాటలు ఇవి:

"ఆఖరి వరుస కోసి లేసి చూసేవరకు రాయి లేదు. రాయి ఉన్నకాడ ఇంటి గడప ఉన్నది. ఆమె కుట్టిన సంచులు పట్టుకొని బయటికొచ్చింది. ఇంత పొలం ఏడిదని అడగలే. తిన్నవా అని అడిగింది."

సుధాకర్ సార్ కళ్ళజోడు సర్దుకొని రెండుసార్లు చదివారు. "ఇంతేనా?"

"ఇంతే."

"అంత పెద్ద వింతకు ఇంత చిన్న మాటనా అమ్మా? తిన్నవా?"

"సార్, మీరు ఎప్పుడైనా ఎవరికోసమన్నా తొవ్వ చూశారా?"

ఆయన మనసు మంచిదని చెప్పాను కదా. నా ముందే ఫోన్ తీసి షమీమ్‌కు చేసి, "తప్పయింది బిడ్డా, అట్ల చదవకుండ ఉండాల్సింది" అన్నారు. స్పీకర్‌లో ఆమె గొంతు హాయిగా వినిపించింది.

"ఏం కాదు సార్. ఆయన ఇంట్లనే ఉన్నడిప్పుడు, అన్నం తింటున్నడు. మీ ముగింపు ఇంకోసారి సదువుండ్రి, మంచిగ వింటం."

సార్ నా ముఖం చూశారు. చదవండి అన్నట్టు చెయ్యి ఊపాను. గొంతు సవరించుకొని చదివారు. వంతెన, గోదావరి, కొంగలు, అన్నీ. అవతల అంతా విని ఆమె మర్యాదగా అంది:

"మంచిగనే ఉన్నది సార్. కాని గా వరి ఎవలు కొయ్యాలె?"

ఆఖరి ఫారం ఆ పూటే మిషను ఎక్కింది. రోబోలు మరుసటి ఏడాదికి పోయాయి. మిరుగు నాడు తినాల్సిన చేపల కోసం ఊరంతా ఎగబడుతుంటే మేం పుస్తకాలు కట్టలు కట్టాం. మహదేవపూర్ కట్టను కిరాయి కట్టక్కర్లేకుండా ఖాజానే వచ్చి లారీలో వేసుకుపోయాడు. ఒక కాపీ నెల్లికుదురు రోడ్డు మిల్లుకు కూడా పంపాను. యాకయ్య ఫోన్ చేసి, "చేరిండు గద మేడం, మంచిగైంది" అని పెట్టేశాడు. పుస్తకం మీద నాకు వచ్చిన సమీక్షల్లో దానికన్నా చిన్నది లేదు, దానికన్నా మంచిదీ లేదు.

ఈ పనిలో ఉన్నవాళ్ళకు నేను చెప్పేది ఒకటే. కథ ఎక్కడైనా దిద్దండి, నడుం విరగ్గొట్టి మళ్ళీ కట్టండి, మొదటి పేజీ చింపి పారేయండి. ముగింపు జోలికి మాత్రం పోకండి. అది రాసినామె బతుకులో ఎవరి దగ్గరికి పోయి తగులుతుందో మన బల్ల దగ్గర కూర్చుంటే కనిపించదు. లేనిదాన్ని ఊహించి రాసేవాళ్ళు ఉన్నదాని గురించి మనకన్నా ఎక్కువ జాగ్రత్తపడతారు. వాళ్ళు ఆగమంటే ఆగాలి. అవసరమైతే వాళ్ళ లారీ కూడా దింపించాలి.

ఇప్పటికీ తొలకరి సెలెక్షన్ చేస్తున్నాను. ఆఖరి ఫారం ఫైలు సిద్ధమైనా, గడప దగ్గర మా ఆయన బూట్లు విడిచిన చప్పుడు వినేదాకా ప్రెస్సుకు పంపను. ప్రెస్సు అతను అడిగితే నెట్ లేదంటాను. సుధాకర్ సార్‌కు మాత్రం ఆ అబద్ధం చెప్పాల్సిన పని లేదు. ఆయన ఫోన్ చేసి ఒక్క మాటే అడుగుతారు: "మీ ఆయన వచ్చిండా అమ్మా?"